మంగో బ్రష్‌లో టెంట్ వేసుకునే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

మేము సిడ్నీ నుంచి మయాల్ లేక్స్ నేషనల్ పార్కుకి ఇప్పటికి ఆరుసార్లు వెళ్లాం, ఆరుసార్లూ ఒకే చోటికి, మంగో బ్రష్ క్యాంప్‌గ్రౌండ్‌కి. ఫొటోలు పెట్టిన ప్రతిసారీ కనీసం నలుగురు అవే ప్రశ్నలు అడుగుతారు, నేను అవే జవాబులు ఫోన్‌లో టైప్ చేసి చేసి వేళ్లు నొప్పి పుట్టాయి. అందుకని అన్నీ ఒక్కచోట రాసేస్తున్నా. ఇకమీద అడిగితే ఇదే పంపిస్తా, ఏమీ అనుకోవద్దు.

అసలు ఎక్కడుంది ఇది?

ఆస్ట్రేలియాలో, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో, సిడ్నీకి ఉత్తరాన. న్యూకాజిల్ దాటి, పసిఫిక్ హైవే మీద ఇంకాస్త పైకి పోయి, టీ గార్డెన్స్ దగ్గర కుడివైపు తిరగాలి. టీ గార్డెన్స్‌కీ హాక్స్ నెస్ట్‌కీ మధ్య నది మీద ఒక వంతెన ఉంది, గాలి రెయిలింగ్‌లో దూరితే రాగం తీస్తుందని దాన్ని సింగింగ్ బ్రిడ్జి అంటారు. అది దాటి హాక్స్ నెస్ట్ ఊరు వదిలాక మంగో బ్రష్ రోడ్డు మీద దాదాపు 20 కిలోమీటర్లు. మొత్తం తార్రోడ్డే, మామూలు కారు చాలు, ఫోర్ వీల్ డ్రైవ్ కొనే వంక ఇది కాదు. వెస్ట్‌మీడ్, పరమట్టా వైపు నుంచి బయల్దేరితే ట్రాఫిక్ లేకపోతే మూడు గంటలు. శుక్రవారం సాయంత్రం ఆఫీసు అయ్యాక బయల్దేరితే లెక్క ఏమీ చెప్పలేం, దేవుడి దయ.

జీపీఎస్‌లో "మంగో" కొడితే ఏదో ఎడారి చూపిస్తోంది?

ఈ రాష్ట్రంలో "మంగో" పేరు రెండు చోట్ల ఉంది. మంగో నేషనల్ పార్క్ అనేది ఇదే రాష్ట్రంలో పడమటి కొసన, ఎప్పుడో వేల ఏళ్ల కిందట ఎండిపోయిన సరస్సు, సముద్రానికి వందల కిలోమీటర్ల దూరం. మనం వెళ్లేది మంగో బ్రష్, మయాల్ లేక్స్. పేరు పూర్తిగా కొట్టండి. మ్యాంగో అని కొడితే జ్యూస్ షాపులు వస్తాయి, అది కూడా చేశారు మావాళ్లు.

ఫెర్రీ అంటున్నారు, కారు పడవెక్కించాలా?

హాక్స్ నెస్ట్ వైపు నుంచి వస్తే అక్కర్లేదు. బులాడీలా ఊరి వైపు నుంచి వస్తే మాత్రం బాంబా పాయింట్ దగ్గర నీళ్లు అడ్డం వస్తాయి, అక్కడ ఇనుప తాడు పట్టుకుని అటూ ఇటూ తిరిగే ఫెర్రీ ఉంటుంది, కార్లని ఎక్కించుకుని ఐదు నిమిషాల్లో అవతల దించుతుంది. పొద్దున 8 నుంచి సాయంత్రం 6 దాకా, అరగంటకోసారి. కొంచెం ఫీజు ఉంటుంది.

ఆ 6 గంటల సంగతి నాకు బాగా గుర్తుండేలా చేసింది మా రెండో ట్రిప్పు. ఫోన్ మ్యాప్ ఎటు తిప్పితే అటు తిప్పుకుంటూ బులాడీలా దారిలో పోయి, ఒడ్డు చేరేసరికి 6:20. ఫెర్రీ అవతలి ఒడ్డున దీపాలు ఆర్పేసి నిద్రపోతోంది. మా క్యాంప్‌గ్రౌండ్ ఆ పక్కనే, కొన్ని కిలోమీటర్ల దూరంలో. అయినా వెనక్కి తిరిగి మళ్లీ బులాడీలా, మళ్లీ హైవే, టీ గార్డెన్స్, హాక్స్ నెస్ట్ మీదుగా చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది, గంటకు పైగా పట్టింది. కారులో ఎవరూ మాట్లాడలేదు. చీకట్లో మంగో బ్రష్ రోడ్డు మీద కంగారూలు అడ్డం దూకుతాయి కాబట్టి 50కి మించి పోలేం. టెంట్ కారు హెడ్‌లైట్ల వెలుతురులో వేశాం, ఒక పోల్ తలకిందులుగా పెట్టాం, రాత్రంతా టెంట్ ఒకవైపు ఒరిగి ఉంది. కాబట్టి మొదటిసారి వెళ్లేవాళ్లు హాక్స్ నెస్ట్ దారే పట్టుకోండి. ఫెర్రీ సరదా పగలు తీర్చుకోవచ్చు, పిల్లలకి బాగా నచ్చుతుంది. అప్పుడప్పుడు మరమ్మతులకని ఆపేస్తారు కూడా, బయల్దేరే ముందు నేషనల్ పార్క్స్ వెబ్‌సైట్‌లో అలర్ట్స్ చూడండి.

సరస్సా, సముద్రమా?

రెండూ. అదే ఈ చోటు గొప్పతనం. సన్నటి ఇసుక నేల మీద రోడ్డు పోతుంటుంది, దానికి ఒకవైపు బాంబా బ్రాడ్‌వాటర్ అనే సరస్సు, రెండోవైపు ఇసుక దిబ్బలు, వాటి వెనక పసిఫిక్ మహాసముద్రం. టెంట్లన్నీ సరస్సు వైపు చెట్ల కింద. రాత్రి పడుకుంటే కుడి చెవికి సరస్సు చప్పుడు లేదు, ఎడమ చెవికి సముద్రం హోరు వినిపిస్తుంది.

మయాల్, బూలంబైట్, టూ మైల్, బాంబా బ్రాడ్‌వాటర్ అని వరసగా కలిసి ఉన్న సరస్సులివి. మన పులికాట్‌లాగా సముద్రం పక్కనే ఉన్నా పులికాట్ అంత ఉప్పగా ఉండవు. ఎందుకంటే వీటికి పక్కనున్న సముద్రంలోకి నేరుగా గండి లేదు. నీళ్లు లోయర్ మయాల్ నది పట్టుకుని దక్షిణంగా అంత దూరం పోయి టీ గార్డెన్స్ దగ్గర పోర్ట్ స్టీఫెన్స్ ఖాతంలో కలుస్తాయి. ఆటుపోట్లు అంత దూరం ఎదురెక్కి వచ్చేసరికి నీరసపడిపోతాయి. అందుకే పై సరస్సుల నీళ్లు దాదాపు మంచినీళ్లే, కింది దాంట్లో కాస్త ఉప్పదనం. వలస పక్షులకీ నీటి మొక్కలకీ ఇది ముఖ్యమైన చోటని 1999లో రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. మన కొల్లేరుని చేర్చింది 2002లో.

నీళ్లు ఎందుకు అలా ఎర్రగా ఉన్నాయి? మురికా?

మురికి కాదు. చుట్టూ పేపర్‌బార్క్ చెట్లు, పొదలు, వాటి ఆకులూ బెరడూ నాని నాని నీళ్లకి డికాషన్ రంగు వస్తుంది. మా అమ్మ మొదటిసారి చూసి "ఎవర్రా ఇంత టీ పొడి పోసింది" అంది. చేత్తో తీసుకుంటే పల్చగా, శుభ్రంగానే కనిపిస్తాయి. తెల్ల బనియన్లు వేసుకుని దిగకండి, అంతే.

అయితే నీళ్లు ఆకుపచ్చగా, పైన పెయింట్ పోసినట్టు తెట్టు కడితే అది వేరే సంగతి. అది బ్లూ గ్రీన్ ఆల్గే, నాచు కన్నా ప్రమాదం, చర్మం మీద దద్దుర్లు, కడుపులో తిప్పడం, ఇంకా పెద్దవి కూడా రావచ్చు. 1999 నుంచి కొన్నేళ్లు ఈ బాంబా బ్రాడ్‌వాటర్‌ని అది బాగా పట్టి పీడించింది. చుట్టుపక్కల పొలాల నుంచి, నేల నుంచి కొట్టుకొచ్చే నత్రజని, భాస్వరమే దానికి తిండి. హెచ్చరిక బోర్డు ఉంటే అసలు దిగొద్దు. బోర్డు లేకపోయినా రంగు తేడాగా ఉంటే దిగొద్దు.

పిల్లలు ఎక్కడ ఆడుకోవచ్చు?

సరస్సులో. ఒడ్డున చాలా దూరం లోతు తక్కువ, అలలు లేవు. ఐదారేళ్ల పిల్లలు గంటలు గంటలు బకెట్లతో ఆడతారు. అయినా పెద్దవాళ్లు ఒకరు పక్కన ఉండాల్సిందే, ఫోన్ చూసుకుంటూ కాదు.

సముద్రంలోకి మాత్రం నా సలహా, దిగకండి. చూడండి, నడవండి, గవ్వలు ఏరుకోండి. అక్కడ లైఫ్‌గార్డులు ఉండరు, ఇక్కడ దిగొచ్చు అని వాళ్లు పాతే ఎర్ర పసుపు జెండాలు ఉండవు. భయం రిప్‌ల గురించే. రిప్ అంటే ఒడ్డుకొచ్చిన నీళ్లు మళ్లీ లోపలికి పోయే దారి. దూరం నుంచి చూస్తే అక్కడే అలలు తక్కువగా, ప్రశాంతంగా కనిపిస్తుంది, మనవాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. వైజాగ్ బీచ్‌లో మోకాళ్ల దాకా నిలబడ్డ అనుభవం ఇక్కడ పనికిరాదు. సముద్ర స్నానమే కావాలంటే హాక్స్ నెస్ట్‌లో బెనెట్స్ బీచ్‌కి వెళ్లండి, సీజన్‌లో అక్కడ జెండాలు పెడతారు, ఆ జెండాల మధ్యే దిగండి. ఈత రాదని చెప్పుకోవడానికి సిగ్గుపడేవాళ్లని చూశాను, ఒడ్డున కూర్చుని బజ్జీలు తినడంలో సిగ్గేముంది.

ఇంకొకటి, ఈశాన్యం గాలి వీచిన రోజుల్లో బ్లూబాటిల్స్ అని నీలం రంగు బుడగల్లాంటివి ఒడ్డుకి కొట్టుకొస్తాయి. చూడ్డానికి బాగుంటాయి, తోక తగిలితే కొరడాతో కొట్టినట్టు మండుతుంది. ఇసుకలో ఎండిపోయినా కుట్టగలవు. అంటుకున్న తోకలు తీసేసి, సముద్రపు నీళ్లతో కడిగి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో 20 నిమిషాలు పెట్టాలి. వెనిగర్ వద్దు, అది ఉత్తరాన ఉండే వేరే జెల్లీచేపలకి.

తాగే నీళ్లు ఉంటాయా? కరెంటు? షవర్?

లేవు. లేవు. లేవు.

కొంచెం వివరంగా. తాగే నీళ్లు ఇంటి నుంచే తెచ్చుకోవాలి. మా లెక్క మనిషికి రోజుకి 6 లీటర్లు, తాగడానికి, వంటకి, గిన్నెలకి కలిపి. బియ్యం ఇంట్లోనే కడిగి ఆరబెట్టి డబ్బాలో తెచ్చుకుంటే సగం నీళ్లు మిగులుతాయి, ఇది మా అమ్మ కనిపెట్టిన ఉపాయం. కరెంటు లేదు కాబట్టి రైస్ కుక్కర్ తెచ్చినవాళ్లు (ఉన్నారు) దాన్ని స్టూలుగా వాడుకున్నారు. ఫోన్ కారులో చార్జ్ చేసుకోండి.

టాయిలెట్ సంగతి సిగ్గుపడకుండా చెప్పండి.

టాయిలెట్లు ఉన్నాయి, ఫ్లష్ ఉండదు, గుంట టాయిలెట్లు. నీళ్లు ఉండవు. మగ్గు అలవాటు ఉన్నవాళ్లు, అంటే మనమంతా, ఒక రెండు లీటర్ల ఖాళీ బాటిల్ ప్రత్యేకంగా పెట్టుకోండి, మీద మార్కర్‌తో పెద్దగా రాసి పెట్టండి, లేదంటే పొద్దున్నే ఎవరో దాంతో కాఫీకి నీళ్లు పోస్తారు. హెడ్‌ల్యాంప్ ఒక్కొక్కరికి ఒకటి ఉండాలి, ఫోన్ టార్చ్ పట్టుకుని గుంట టాయిలెట్‌లోకి వెళ్తే ఫోన్ ఎక్కడ పడుతుందో నేను చెప్పక్కర్లేదు.

బుకింగ్ ఎలా? డబ్బులెంత?

నేషనల్ పార్క్స్ వెబ్‌సైట్‌లో ముందుగా బుక్ చేసుకోవాలి, వెళ్లాక చూసుకుందాం అనే మాటే లేదు. సైటు అద్దె వేరు, కారు ఎంట్రీ వేరు. కారుకి రోజుకి 8 డాలర్లు మేము కట్టింది, మారి ఉంటే వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఈస్టర్, జనవరి స్కూలు సెలవులు, లాంగ్ వీకెండ్లు అయితే నెలల ముందే నిండిపోతాయి. నాలుగు కుటుంబాలు కలిసి వెళ్లాలంటే నలుగురూ ఒకేసారి కంప్యూటర్ల ముందు కూర్చుని పక్క పక్క సైట్లు పట్టుకోవాలి, తత్కాల్ టికెట్లు బుక్ చేసిన అనుభవం ఇక్కడ బాగా పనికొస్తుంది.

ఎప్పుడు వెళ్తే బాగుంటుంది?

ఏప్రిల్, మే. నీళ్లు ఇంకా గోరువెచ్చగా ఉంటాయి, దోమలు తగ్గుతాయి, రాత్రి దుప్పటి కప్పుకోవాలనిపిస్తుంది. అక్టోబర్, నవంబర్ కూడా మంచివే. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా జనం, ఎండ, దోమలు, మధ్యాహ్నం దాకా ఉక్కపోసి ఒక్కసారిగా దక్షిణపు గాలి లేచి టెంట్లు ఊపేస్తుంది. జూన్, జూలైలో ఐదింటికే చీకటి, తెల్లవారుజామున చలికి పళ్లు టకటకలాడతాయి, కానీ క్యాంప్‌గ్రౌండ్ సగం ఖాళీ. ఆగస్టులో పడమటి గాలి సరస్సు మీదుగా నేరుగా మీ టీ కప్పులోకి ఇసుక తెస్తుంది. నా ఓటు మే నెలకే.

ఉడుములు ఉంటాయట కదా, నిజమేనా?

నిజమే, అదీ మామూలు ఉడుములు కాదు. ఇక్కడ గొయానా అంటారు, లేస్ మానిటర్ జాతి, తోకతో కలిపి రెండు మీటర్ల దాకా పెరుగుతుంది. నల్లటి ఒంటి మీద పసుపు చుక్కలు, చారలు. టెంట్ల మధ్య ఇంటి యజమాని లాగా నింపాదిగా నడుస్తుంది. దానికి మనం అద్దెకున్నవాళ్లం.

పోయిన మేలో జరిగింది చెప్తా. పొద్దున పదిన్నర, అందరం సరస్సు ఒడ్డున ఉన్నాం. ఫ్రై చేద్దామని రాత్రే ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి, పెరుగు పట్టించిన రెండు కిలోల చికెన్ జిప్ కవర్లో పెట్టి ఐస్‌బాక్స్‌లో ఉంచాం. ఐస్‌బాక్స్ మూత ఉంది కానీ గొళ్లెం వేయలేదు. గొళ్లెం వేయనిది నేనే, ఇప్పటికీ ఇంట్లో ఆ మాట వస్తుంది. తిరిగొచ్చేసరికి మూత పక్కన పడి ఉంది, ఇసుకలో ఈడ్చుకుపోయిన ఎర్రటి గీత, దాని చివర చెట్టు మొదట్లో ఉడుము. ముందు కాలి గోళ్లతో కవరు నొక్కిపట్టి, తల పైకెత్తి, ఒక్కో లెగ్ పీసు నమలకుండా మింగుతోంది. ప్రతి ముక్కకీ గొంతు సంచిలాగా ఉబ్బి మెల్లగా కిందికి జారడం కనిపిస్తోంది. నాలుక, పాము నాలుకే, రెండుగా చీలి ఉంటుంది, దాంతో మూతికంటిన మసాలా నాకింది. కారం ఎక్కువైనట్టు కూడా అనిపించలేదు దానికి. నేను కర్ర పట్టుకుని రెండడుగులు వేస్తే మా అమ్మ వెనక నుంచి అరిచింది: "ఒరేయ్ చిన్నా, ఉడుము పట్టు అన్నారు ఊరికే కాదురా, వదిలెయ్!" అమ్మది భీమవరం పక్క పల్లెటూరు, ఉడుముల సంగతి ఆవిడకి తెలుసు. వదిలేశాను. ఆ రోజు అందరికీ టమాటా పప్పు.

అమ్మ చెప్పింది అక్కడి బోర్డుల మీద కూడా ఉంటుంది. దగ్గరికి పోవద్దు, తిండి పెట్టొద్దు (పెడితే జరిమానా), తరిమితే భయపడి ఎత్తుగా ఉన్నదేదైనా ఎక్కుతుంది, చెట్టు దొరకకపోతే మీరే చెట్టు. కరిస్తే, గోరు గీరితే గాయం త్వరగా మానదు. తినేవన్నీ కారులో పెట్టి అద్దాలు ఎత్తండి, చెత్త కవరు కూడా. టెంట్‌లో బిస్కెట్ ప్యాకెట్ పెడితే టెంట్ చింపుతుంది.

ఇంకా ఏ జంతువులు?

డింగోలు, అంటే ఇక్కడి అడవి కుక్కలు, ఉంటాయి. సన్నగా ఉన్నాయి పాపం అని అన్నం పెట్టకండి. మనుషుల చేతి తిండి మరిగిన డింగో పిల్లల మీదికి వస్తుంది, చివరికి దాన్నే చంపాల్సి వస్తుంది. చీకటి పడ్డాక పిల్లల్ని ఒంటరిగా టాయిలెట్‌కి పంపొద్దు. కుకాబుర్రాలు, అంటే మనిషి నవ్వినట్టు కూసే పక్షులు, ప్లేటులోంచి ముక్క ఎత్తుకుపోతాయి, నవ్వుతూ. రాత్రి పోసమ్‌లు, చెట్లెక్కే చిన్న జంతువులు. కంగారూలు దూరం నుంచి ముద్దుగా ఉంటాయి.

పాములు ఉన్నాయి, ముఖ్యంగా ఎర్ర పొట్ట నల్ల పాము. ఎత్తైన గడ్డి లోపలికి చెప్పులతో పోకండి. కరిస్తే కడగొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, సినిమాల్లో చూసినవన్నీ మర్చిపోండి. వెడల్పాటి ఎలాస్టిక్ బ్యాండేజీ కాలు మొత్తానికి గట్టిగా చుట్టి, కదలకుండా పడుకోబెట్టి, ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు 000కి ఫోన్ చేయాలి. ఆ బ్యాండేజీ రెండు చుట్టలు కారులో ఉంచుకోండి.

పిడుదుల గురించి భయపెడుతున్నారు అందరూ?

పాము కన్నా నాకు వీటితోనే ఎక్కువ టెన్షన్. పిడుదులు, మా వైపు గోమార్లు అంటారు, గేదెల చెవుల్లో చూసేవాళ్లం. ఇక్కడి తూర్పు తీరంలో ఉండేవి పెరాలిసిస్ టిక్‌లు. కరిచినచోట వేళ్లతో గిల్లి లాగొద్దు, నొక్కితే దాని లాలాజలం ఇంకాస్త లోపలికి పోతుంది. మందుల షాపులో ఫ్రీజ్ చేసే ఈథర్ స్ప్రే దొరుకుతుంది, అది కొట్టి అక్కడే చంపి దానంతటది రాలిపోయేదాకా ఆగాలి. రోజూ సాయంత్రం పిల్లల చెవుల వెనక, జుట్టులో, చంకల్లో, నడుము దగ్గర వెతకండి.

ఇందులో మనవాళ్లకి ప్రత్యేకంగా పట్టే విషయం ఒకటుంది. ఈ పిడుదు కుట్టిన కొందరికి తర్వాత మటన్, బీఫ్, పోర్క్ లాంటి మాంసం పడకుండా పోతుంది, తిన్న కొన్ని గంటలకి ఒళ్లంతా దద్దుర్లు, ఒక్కోసారి ఊపిరాడని పరిస్థితి. ఈ సంబంధాన్ని ముందుగా పట్టుకున్నది సిడ్నీ డాక్టరు షెరిల్ వాన్ నూనెన్. ఈ మాట చెప్పాక మా తమ్ముడు పొదల్లోకి ప్యాంటు సాక్సుల్లో దోపుకుని వెళ్తున్నాడు. జీవితాంతం మటన్ బిర్యానీ మానేయడం కన్నా సాక్సులు నయం అంటాడు.

వంట? మంట వేసుకోవచ్చా?

గ్యాస్ స్టవ్ తెచ్చుకోండి, చిన్న ప్రెషర్ కుక్కర్ ఉంటే రాజభోగం. మొదటి రాత్రికి ఇంటి నుంచే పులిహోర, పెరుగన్నం, ఆవకాయ, ఎందుకంటే టెంట్ వేసేసరికి ఎవరికీ ఓపిక ఉండదు. పొద్దున ఉప్మా. దోసెల పిండి ఐస్‌బాక్స్‌లో పెట్టి తెచ్చాం ఒకసారి, కారు ఎండలో నిలబెట్టేసరికి పులిసి పొంగి ఐస్‌బాక్స్ అంతా పిండే, వద్దు.

కట్టెలు అడవిలో ఏరొద్దు, ఎండు కొమ్మ కూడా ఏదో ఒక పురుగుకి ఇల్లే. బయట కొని తెచ్చుకుని, మంట వేయడానికి కేటాయించిన చోటే వేయాలి. అక్టోబర్ 1 నుంచి మార్చి 31 దాకా కార్చిచ్చు సీజన్. టోటల్ ఫైర్ బ్యాన్ ఉన్న రోజున కట్టెల మంట ఊసే ఎత్తొద్దు, గ్యాస్ వాడొచ్చో లేదో కూడా పార్కు వాళ్ల అలర్ట్‌లో చూసుకునే వెలిగించండి. కార్చిచ్చు హెచ్చరికలు చెప్పే హజార్డ్స్ నియర్ మీ అనే యాప్ ఫోన్‌లో పెట్టుకోండి.

గిన్నెలు సరస్సులో తోమొద్దు. చెరువు గట్టున కూర్చుని తోమినట్టు మనకి చేతులు లాగుతాయి, తెలుసు. కానీ పైన చెప్పిన ఆల్గేకి ఈ సబ్బూ ఎంగిలీ కూడా తిండే. బకెట్‌లో కడిగి ఒడ్డుకి దూరంగా పారబోయండి. చెత్త మీ కారులోనే ఇంటికి.

చేపలు పట్టచ్చా?

పట్టచ్చు, రాష్ట్ర ఫిషింగ్ లైసెన్స్ ఆన్‌లైన్‌లో తీసుకుని. మూడు రోజులకి కూడా ఇస్తారు. బ్రీమ్, ఫ్లాట్‌హెడ్, ముల్లెట్ దొరుకుతాయి, సైజు తక్కువ ఉన్నవి వదిలేయాలి. ఫ్లాట్‌హెడ్ పులుసుకి బాగుంటుంది, ముళ్లు తక్కువ. మేము ఇంటి నుంచి చింతపండు నానబెట్టి బాటిల్లో పోసుకుని వెళ్తాం. ఆరు ట్రిప్పుల్లో పులుసు వండింది రెండుసార్లే, మిగతా నాలుగుసార్లు చింతపండుతో చారు కాచుకున్నాం.

టెంట్ వేయడంలో ఏమైనా కిటుకు?

నేల ఇసుక. టెంట్‌తో వచ్చే సన్నటి మేకులు వెన్నలో పుల్ల గుచ్చినట్టు దిగుతాయి, అలాగే బయటికొస్తాయి. ఇసుకకి వాడే వెడల్పాటి పొడుగు మేకులు విడిగా కొనండి. పెద్ద చెట్టు కొమ్మ కిందే సరిగ్గా వేయకండి, గాలి లేకుండానే కొమ్మలు విరిగి పడతాయి. పెద్దవాళ్లు వస్తుంటే మడత మంచం తెండి, నేల మీద గాలి పరుపు అమ్మ వయసువాళ్లకి దిగడం సులువు, లేవడమే కష్టం.

ఒక రోజంతా చేయడానికి ఏముంటుంది?

క్యాంప్‌గ్రౌండ్ పక్కనే చిన్న రెయిన్‌ఫారెస్ట్ నడక ఉంది, అరగంట ముప్పావుగంటలో చుట్టి రావచ్చు. ఎండలోంచి అందులోకి అడుగు పెడితే ఏసీ గదిలోకి వెళ్లినట్టు ఉంటుంది. సముద్రం పక్కన, ఉప్పుగాలి తగిలే ఇసుకలో ఇంత పచ్చటి అడవి ఎలా పెరిగిందా అని ప్రతిసారీ అనుకుంటా.

దక్షిణంగా డార్క్ పాయింట్ దగ్గర పెద్ద తెల్లటి ఇసుక దిబ్బలు. అది వొరిమి ఆదివాసీలకి పవిత్రమైన చోటు, వాళ్లు వేల ఏళ్లుగా అక్కడ కలుసుకుని తిన్న గవ్వ చేపల పెంకులు ఇసుకలో గుట్టలుగా ఉన్నాయి. వాటిని కదపొద్దు, ఏరుకోవద్దు. బీచ్‌లో గవ్వలు ఏరుకోమన్నానని అక్కడ ఏరుకునేరు.

ఈ దిబ్బల్లో ఒకప్పుడు రూటైల్, జిర్కాన్ అనే ఖనిజాల కోసం ఇసుక తవ్వకాలు జరిగాయి, మన భీమిలి తీరపు ఇసుకలో ఇల్మెనైట్ ఉన్నట్టే. 1972లో నేషనల్ పార్కు ప్రకటించాక కూడా తవ్వకాలు వెంటనే ఆగలేదు, జనం చాలా ఏళ్లు పోట్లాడారు. తవ్విన చోట ఇసుక ఎగిరిపోకుండా దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన బిటూ బుష్ అనే పొద నాటారు. అది అక్కడితో ఆగకుండా తీరమంతా పాకింది, ఇప్పుడు దాన్ని పీకడానికి విడిగా ఖర్చు. దిబ్బల మీద పసుపు పూల పొద కనిపిస్తే బాగుందని ఫొటో తీసే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

రెండో రోజు ఓపిక ఉంటే ఫెర్రీ దాటి, బులాడీలా దగ్గర గ్రాండిస్ అనే చెట్టు చూసి రండి. ఎత్తు దాదాపు 76 మీటర్లు, పై కొస చూడాలంటే టోపీ పడిపోతుంది. ఇంకొంచెం ముందుకి సీల్ రాక్స్, అక్కడ 1875 నాటి లైట్‌హౌస్. చలికాలంలో అక్కడి నుంచి తిమింగలాలు కనిపిస్తాయి, మాకు ఒకసారి తోక మాత్రమే కనిపించింది, ఆ తోకకే గంట సేపు నిలబడ్డాం.

రాత్రికి ఏమీ ప్లాన్ చేయకండి. దీపాలు ఆర్పితే పాలపుంత తల మీదికి వంగినట్టు ఉంటుంది. ఇక్కడ చందమామ మనకి తలకిందులుగా కనిపిస్తాడు, కుందేలు కాళ్లు పైకి. మా పాపకి అదే అసలు చందమామ, ఇండియా వెళ్లినప్పుడు "అక్కడ తిరగబడ్డాడు" అని ఫిర్యాదు చేసింది.

ఫోన్ సిగ్నల్?

ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఎమర్జెన్సీ ప్లస్ యాప్ ఉంటే 000కి చేసినప్పుడు మీరెక్కడున్నారో సరిగ్గా చెప్పగలరు. ఆఫీసు వాళ్లకి సిగ్నల్ ఉండదని ముందే చెప్పేయండి, అంతటా అందుతున్నా సరే.

కుక్కని తీసుకురావచ్చా?

కుదరదు. కారులోంచి దించకపోయినా కుదరదు.

ఈసారి వెళ్లేటప్పుడు మమ్మల్నీ తీసుకెళ్తారా?

అమ్మ ఇండియా తిరిగి వెళ్లేలోపు మేలో ఒకసారి వెళ్లాలని ఉంది, సైట్లు దొరికితే చెప్తా. వచ్చేవాళ్లు శుక్రవారం మధ్యాహ్నం సెలవు పెట్టి రెండింటికల్లా బయల్దేరాలి, హాక్స్ నెస్ట్ దారిలోనే. చికెన్ మీ వంతు, ఐస్‌బాక్స్ గొళ్లెం కూడా మీరే వేయాలి.